కూర్చోవడం కూడా నేర్చుకోవాలా?
(రేడియో ప్రసంగం)



“కూర్చోవడంలో ఏముందండీ నేర్చుకోవడానికి?” అని మీరు నవ్వుకుంటూ ఉండవచ్చు. నేనూ అలాగే నవ్వాను, ఒకనాటి ఉదయం మా హాల్లో చాప మీంచి లేవబోయి చతికిలపడేదాకా!

మాది నాచారం. పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యాక, పొద్దుటిపూట ఒక్క అరగంటైనా నాకంటూ ఉండాలనిపించి ఉప్పల్‌లో ఒక యోగా తరగతిలో చేరాను. మొదటిరోజే వజ్రాసనం. పది నిమిషాలకల్లా మోకాళ్ళలో సలుపు, పాదాలు మొద్దుబారడం. పక్కావిడ మాత్రం బొమ్మలా కూర్చుంది. ఆవిడకన్న నేనేం తీసిపోయానని పళ్ళ బిగువున కూర్చున్నాను. నేర్పేవారు కూడా “ఓర్చుకోండమ్మా, అదే పోతుంది” అన్నారు. ఇంట్లోనూ అలాగే ఓర్చుకుంటూ ఓ పూట ఇరవై నిమిషాలు కూర్చున్నానా, వంటింట్లో కుక్కరు మూడో కూత వేసింది. గబుక్కున లేచాను. కుడికాలు ఉందో లేదో తెలియలేదు. చీలమండ మడతపడి పడ్డాను. వారం రోజులు కుంటుతూనే వంట చేశాను.

తరువాత ఆ పక్కావిడ పలకరించడానికి వచ్చి ఏమందో తెలుసా? “నాకు మాత్రం తిమ్మిరెక్కదా అక్కయ్యా! మీరు కదలడం లేదు కదా అని నేనూ కదల్లేదు!”

చూశారా, ఇద్దరం ఒకరిని చూసి ఒకరం ఓర్చుకున్నాం. ఓర్పు ఆడవాళ్ళకు అలవాటైన విద్య. కాని కాలి నరానికి ఆ సంగతి తెలియదు.

మన అమ్మమ్మలు కత్తిపీట ముందు, రోటి ముందు, విస్తరి ముందు నేలమీదే కూర్చునేవారు. ఇప్పుడు మనకు నిలబడే వంట, బల్లమీద భోజనం, సోఫాలో టీవీ. తొడల కీళ్ళు ఆ వంపు మరిచిపోయాయి. పద్మాసనానికి కాలు తిరగవలసింది తుంటి దగ్గర. మోకాలు ముఖ్యంగా తలుపు బందులాగా ముడుచుకుని తెరుచుకునే కీలు. తుంటి తిరగనంటే, మనం పాదాన్ని చేత్తో లాగి తొడమీద పెడితే, ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది.

ఇక తిమ్మిరి సంగతి. మోకాలికి కాస్త దిగువన, బయటివైపు, ఎముకను చుట్టుకుని ఒక నరం చర్మానికి చాలా దగ్గరగా పోతుంది. పాదాన్ని పైకెత్తించేది అదే. చాలాసేపు మడిచి కూర్చుంటే అది నలుగుతుంది. 1971లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఒక యువకుడి సంగతి వచ్చింది. రోజూ గంటల తరబడి వజ్రాసనంలో కూర్చుని ప్రార్థన చేస్తూ వచ్చిన ఆయనకు నడవడం, మెట్లెక్కడం కష్టమైపోయింది. భయపెట్టడానికి చెప్పడం లేదు. అలా కావడం అరుదు. తిమ్మిరెక్కితే కాలు సర్దుకోవడం తప్పు కాదని చెప్పడానికే.

మరి ఏం చేయాలి? ఖర్చులేని పనులే. దుప్పటిని నాలుగు మడతలు పెట్టి దాని అంచుమీద కూర్చోండి. మోకాళ్ళకన్న పిరుదులు కాస్త ఎత్తులో ఉండాలి. నడుము దానంతటదే నిలబడుతుంది. మోకాళ్ళు గాలిలో తేలుతుంటే కింద చెరో దిండు పెట్టండి. వజ్రాసనమైతే మడమలకూ పిరుదులకూ మధ్య ఒక దిండు, చీలమండల కింద చుట్టిన తువ్వాలు. మఠం వేసుకున్నప్పుడు ఒకరోజు కుడికాలు పైన, మరునాడు ఎడమకాలు పైన. అయిదు నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకోండి. లేచేముందు కాళ్ళు చాచి, పాదాలు తిప్పి, స్పర్శ వచ్చాకే గోడ పట్టుకుని లేవండి. కుక్కరు ఇంకో కూత వేస్తే వేయనివ్వండి!

అన్ని నొప్పులూ ఒకటి కావు. తొడల్లో లాగినట్టుండే సన్నని పీకుడు అలవాటు మీద తగ్గుతుంది. తిమ్మిరి అయితే కాలు మార్చుకోవాలి. మోకాలి లోపల సూదితో పొడిచినట్టు ఉంటే వెంటనే ఆపేయాలి. మొద్దుబారడం ఎంతకీ పోకపోయినా, పాదం ఈడ్చుకుపోతున్నా, ఒక్క పిక్కే వాచి నొప్పిపెడుతున్నా డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. కూర్చోకుండానే అరికాళ్ళు తిమ్మిరెక్కుతుంటే చక్కెర పరీక్ష చేయించుకోవడం మంచిది.

కుర్చీలో కూర్చుంటే ధ్యానం కాదా అని కొందరి సందేహం. ఆసనం నిలకడగానూ హాయిగానూ ఉండాలన్నాడు పతంజలి. గీత ఆరో అధ్యాయంలో దర్భలమీద చర్మం, వస్త్రం పరుచుకోమని ఉంది. మెత్తన వేసుకోవడం నిన్నామొన్నటి సుకుమారం కాదన్నమాట! మనకు దగ్గరలోనే, వనస్థలిపురం వైపు నాగార్జునసాగర్ రోడ్డులో, గోయెంకాగారి విపశ్యన కేంద్రం 1976 నుంచీ ఉంది. పది రోజుల శిబిరంలో రోజుకు కొన్నిసార్లు గంటసేపు కదలకుండా కూర్చోమంటారు. నొప్పిని సైతం గమనించడమే అక్కడి సాధన. అలాంటి శిబిరాల్లోనే కూర్చోలేనివారికి కుర్చీ ఇస్తారు. మరి మన ఇంట్లో మనకెందుకు బిడియం?

ఈ మాట నాకు బాగా తెలిసివచ్చింది మా అత్తగారి వల్ల. మఠం వేసుకోవడాన్ని ఆవిడ ‘సక్లం ముక్లం’ అంటారు. జీవితమంతా అలా కూర్చున్న మనిషి. మోకాళ్ళు అరిగిపోయాక నిరుడు కార్తీకంలో సత్యనారాయణ వ్రతానికి కుర్చీ వేస్తే కూర్చోలేదు. “దేవుడు కిందా, నేను పైనా?” అని లోపలి గదిలో మంచంమీద కూర్చుని కథ విన్నారు. ప్రసాదం తీసుకెళ్తే కళ్ళు తుడుచుకుంటున్నారు.

ఈ ఏడు ఆవిడకు నచ్చజెప్పే ప్రయత్నం మానేశాను. వ్రత పీటనే ఎత్తుగా ఒక బల్లమీదికి చేర్చాం. ఇప్పుడు దేవుడు పైన, అత్తగారు కుర్చీలో, నేను దుప్పటి మడత మీద. కథ అయిదు అధ్యాయాలూ ఆవిడ ముందు వరసలోనే కూర్చున్నారు. హారతి కళ్ళకద్దుకున్నాక నావైపు వంగి “నీ కాలు తిమ్మిరెక్కిందేమో, మార్చుకోవే” అన్నారు.

మార్చుకున్నాను. మీరూ మార్చుకోండి. సెలవు.