తోటపనివారు కొనదగిన పనిముట్లు
(మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



తోటపనిని వృత్తిగా చేపట్టిన పదునొకండుగురు యువతీయువకులకు మన సహాయనిధి నుండి ఈ మారు అప్పు మంజూరైనది. సొమ్ము చేతికందుటకు ముందే పనిముట్లను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యవర్గము మమ్ము కోరినది. మేము ఇరువది యేండ్లకు పైగా హోసూరులో ఇనుపసామాను వర్తకము చేయుచున్నాము గాని, మా యంగడిలోనే కొనుడని చెప్పుటకు ఇచట నిలువలేదు. మేము చెప్పినట్లు కొన్నచో మీరు మా గడప త్రొక్కు పర్యాయములు తగ్గును!

ఈ తాలూకా సేలం జిల్లాలో నున్నప్పుడును, 1965లో ధర్మపురి జిల్లాలో చేరినప్పుడును, 2004లో కృష్ణగిరి జిల్లాకు వచ్చినప్పుడును మనవారు మట్టిని నమ్ముకొనియే బ్రదికిరి. నేడు గులాబీ తోటలు హెచ్చినవి. నలుబది కిలోమీటర్ల దూరముననున్న బెంగుళూరులో ఇండ్ల తోటలను, కార్ఖానాల తోటలను నెలజీతము మీద చూచుపని దొరకుచున్నది. అయితే సొంత తోటలో కత్తెర మొద్దుబారినచో పని మరునాటికి వాయిదా పడును. దినమునకు నాలుగు తోటలు తిరుగువానికి ఆనాటి కూలి పోవును. రెండు మారులట్లు జరిగినచో ఒప్పందమే పోవును. అప్పు మాత్రము నిలిచియుండును.

ముందుగా ఒక హెచ్చరిక. పది పండ్రెండు పనిముట్లు ఒకే పెట్టెలో పెట్టి, రంగులద్ది, చౌకగా అమ్ముచున్నారు. మొబైలులో బొమ్మ చూచి తెప్పించుకొనువారును కలరు. అవి కుండీలలో మొక్కలు పెంచుకొనువారికి సరిపోవును. వేసవిలో రాయివలె బిగిసిన మన ఎర్రనేలలో గ్రుచ్చినచో పలుచని రేకు తొలిక మెడ యొద్ద వంగిపోవును. పెట్టెలో సగము వస్తువులతో మీకు పనియే యుండదు.

మీ సొమ్ములో మొదటి భాగము కొమ్మలు కత్తిరించు చేతికత్తెరకు, అనగా అంగళ్లలో సికేచర్ అనుదానికి, ఈయవలెను. ఇందు రెండు తరహాలు కలవు. ఒకదానిలో రెండు అలుగులు కత్తెరవలె ఒకదాని ప్రక్కనుండి ఒకటి జారును. రెండవదానిలో ఒకే అలుగు వచ్చి, దాగలి వంటి బల్లపరుపు దిమ్మెపై ఆనును. ఈ దాగలి తరహా ఎండుపుల్లలకు మంచిది. పచ్చికొమ్మను మాత్రము నలిపివేయును. నలిగిన చోట తెగులు ప్రవేశించును. గులాబీకి కొమ్మ కొననుండి క్రిందికి ఎండుకొనివచ్చు తెగులు ఎంత నష్టము చేయునో తోటలవారికి చెప్పనక్కరలేదు. కనుక పచ్చికొమ్మలకు జారుడు అలుగుల కత్తెరయే కొనుడు.

అంగడిలో దానిని మూసి వెలుతురు కెదురుగా పట్టి చూడుడు; అలుగుల నడుమ సందు కనబడరాదు. ప్రక్కకు కదిలింపుడు, ఊగిసలాడరాదు. పలుచని కాగితమును కొనతో కత్తిరింపుడు, చింపక తెంపవలెను. రెండు అలుగులను కలుపుచోట రివెట్టు కొట్టినదానిని విడిచి, మర బిగించినదానిని తీసికొనుడు. మర విప్పగలిగిననే సానబట్టుటకును, స్ప్రింగు మార్చుటకును వీలగును. స్విట్జర్లాండున 1945లో స్థాపితమైన ఫెల్కో సంస్థవారి కత్తెరలకు పేరు వచ్చినది చాలవరకు ఇందుచేతనే. వాని అలుగు, స్ప్రింగు విడిగా దొరకును. వాని వెల మనబోంట్లకు భారము. స్వదేశమున లుధియానా మొదలగు చోట్ల తయారగు సరుకులోను మంచివి కలవు. విడిభాగములు దొరకునా యని అడిగి, దొరకునన్నదే కొనుడు.

కత్తెర పూర్తిగా తెరచినప్పుడు నాలుగు వ్రేళ్లును క్రింది పిడిని అందుకొనవలెను. అందనిచో సాయంత్రమునకు మణికట్టు వాచును. మా యంగడికి వచ్చు ఒక యువకుడు పెద్దచేతివాని కత్తెరతో గులాబీలు కత్తిరించి మూడు వారములు పనికి పోలేకపోయెను. స్త్రీలకు చిన్న పరిమాణములును, ఎడమచేతివారికి వేరు కత్తెరలును కలవు, అడుగుటకు మొగమాటపడవలదు. వ్రేలికంటె లావైన కొమ్మకు కత్తెర పెట్టి మెలిపెట్టరాదు. దానికై చిన్న రంపమును కొనుడు.

పారకు, తొలికకు ఇనుముకంటె కామయే ముఖ్యమని మా యభిప్రాయము. కఱ్ఱ నార కొననుండి కొనవరకు సాగియుండవలెను. నడుమ ముడి యున్నచోటనే విరుగును. రంగు పూసిన కామలో ముడి కనబడదు, అందుకే రంగు పూయుదురు! తుమ్మకఱ్ఱ కామ చేయించి, అప్పుడప్పుడు అవిసెనూనె రాచుచుండుడు. పారను రాతిపై మెల్లగా తట్టినచో ఖంగుమని మ్రోగవలెను. బద్దమ్రోత వచ్చినచో పగులు వెదకుడు.

పదును పెట్టునప్పుడు జారుడు అలుగునకు వాలు ఉన్న ప్రక్కనే ఆకురాయి ఆడింపుడు. చదునైన ప్రక్కన లేచిన గరుకును మాత్రము ఒక్కసారి సానరాతిపై తీసివేయుడు. యంత్రపు చక్రము మీద సానబట్టించినచో అంచు వేడెక్కి నీలిరంగు తిరుగును. అంతటితో కమ్మరి పెట్టిన పదను దిగిపోయి ఉక్కు మెత్తబడును. ఒక తోటనుండి మరియొక తోటకు పోవునప్పుడు నూటికి డెబ్బదిపాళ్ల స్పిరిటుతో అలుగులను తుడువుడు. లేనిచో ఒకరి చెట్ల తెగులును ఇంకొకరికి మోసికొనిపోవువారు మీరే యగుదురు. బ్లీచింగు నీరును క్రిములను చంపును గాని ఉక్కును తినివేయును.

బ్యాటరీ కత్తెరలను గూర్చి కొందరడిగిరి. మొదటి సంవత్సరము వాని జోలికి పోవలదు.

కత్తెర, తొలిక, పార, చిన్న రంపము, ఆకురాయి — ఇంతే కొని మిగిలిన సొమ్మును బ్యాంకులో ఉంచుడు. వచ్చు ఆదివారము ఉదయము ఇచటనే ఆకురాయి పట్టు విధమును చూపింతుము. ఇంట నున్న పాత కత్తెరలను, ఎంత త్రుప్పుపట్టినవైనను, వెంట తెండు.