ఇద్దరు బార్బోసాలు: విజయనగర చరిత్రలో ఒక సాక్షి సంగతి

డొక్కా సీతమ్మ గారి పేరిట మాట్లాడమని పిలవడం నాకు దక్కిన గౌరవం. గోదావరి దాటి వచ్చినవాళ్లకు వేళ చూడకుండా అన్నం పెట్టి, 1909లో కన్నుమూసిన ఆ తల్లి గురించి పి.గన్నవరం వారికి నేను చెప్పగలిగిన కొత్త సంగతి లేదు. ఇక్కడి అక్విడక్టు ఆమె పేరు మోస్తోంది, అన్నదాన సంతర్పణల్లో ఆమె పేరు తలవనివారు లేరు. ఆమెకు చేతులెత్తి మొక్కి, ఎన్నాళ్లుగానో వాదిస్తున్న ఒక విషయాన్ని మీ ముందు పెడతాను. అది పదహారో శతాబ్దపు ఒక పోర్చుగీసు పేరుకు సంబంధించినది.

విజయనగర చరిత్రకు పోర్చుగీసువారి రచనలు ఎంత ముఖ్యమో ఈ సభలో వివరించనక్కరలేదు. దావిద్ లోపెష్ 1897లో లిస్బన్‌లో అచ్చువేసిన రెండు వృత్తాంతాలను రాబర్ట్ సీవెల్ 1900లో ఇంగ్లీషు చేశాక డొమింగో పేస్, ఫెర్నావ్ నూనిజ్ మన పాఠ్యపుస్తకాల్లో చేరిపోయారు. కృష్ణదేవరాయల కొలువు, మహర్నవమి ఉత్సవం, గుర్రాల బేరం అన్నీ అందరూ చదివినవే. వాళ్లకంటే కొంచెం ముందువాడు డువార్తె బార్బోసా. అతని గ్రంథం 1516 ప్రాంతంలో పూర్తయింది. రామూజియో 1550లో వెనిస్‌లో దాన్ని ఇటాలియన్‌లో అచ్చువేశాడు. పోర్చుగీసు మూలం లిస్బన్‌లో పంతొమ్మిదో శతాబ్దపు తొలినాళ్లలో గాని వెలుగు చూడలేదు. ఇంగ్లీషులో 1866లో స్టాన్లీ, మళ్లీ 1918, 1921లలో రెండు సంపుటాలుగా లాంగ్‌వర్త్ డేమ్స్ అందించారు. నరసింగ రాజ్యంలో, అంటే విజయనగర రాజ్యంలో, ఏ మతం వాడైనా తన నమ్మకం ప్రకారం బతకవచ్చునన్న మాట మన చరిత్రకారులు తరచూ ఎత్తి చూపేది ఈ గ్రంథం నుంచే.

నా తగాదా గ్రంథంతో కాదు, గ్రంథకర్తకు మనం అంటగట్టిన జీవితంతో. తెలుగులో ఎక్కడ చూసినా బార్బోసా అంటే నావికుడు మెగలన్ బావమరిది, కన్ననూరులో కొలువు చేసి, తరవాత స్పెయిన్ వెళ్లి, ప్రపంచాన్ని చుట్టబోయిన నౌకాదళంలో చేరి, 1521 మే 1న సెబూ ద్వీపంలో విందుకు పిలిచి చంపినవాళ్ల చేతిలో చనిపోయినవాడు అని రాస్తారు. ఈ కథలో నాకు కనబడేది ఒక మనిషి కాదు, ఇద్దరు. ఒకరు కన్ననూరు వర్తక స్థావరంలో గుమాస్తా. 1500లో పోర్చుగీసు నౌకానాయకుడు కాబ్రాల్ ఓడల్లో వచ్చి కొచ్చిలో, తరవాత కన్ననూరులో వర్తకాధికారిగా ఉన్న గొన్సాలో జిల్ బార్బోసాకు బంధువు. మలయాళంలో అతనికున్న పట్టును పోర్చుగీసు చరిత్రకారుడు గాస్పర్ కొరెయా మెచ్చుకున్నాడు. 1513లో కన్ననూరు నుంచి మనుయెల్ రాజుకు ఉత్తరం రాసినది ఇతనే. రెండోవాడు సెవిల్‌లో స్థిరపడిన డియోగో బార్బోసా ఇంటివాడు. డియోగోకు కొడుకని కొందరు, సోదరుని కొడుకని కొందరు అంటారు. డియోగో కూతురు బియాత్రిస్‌ను మెగలన్ 1517లో పెళ్లాడాడు. 1521 ఏప్రిల్ 27న మక్తాన్‌లో మెగలన్ పోరులో చనిపోయాక ఈ రెండో డువార్తె, జువావ్ సెరావ్ కలిసి దళానికి నాయకులయ్యారు. నాలుగు రోజులకే సెబూలో ప్రాణం పోయింది.

ఇద్దరూ ఒకరే అనేవారి వాదం తేలిగ్గా తీసివేయదగ్గది కాదు. వాళ్లు మూడు మాటలు చెబుతారు. కాలం సరిపోతుంది: 1515 దాకా మలబారులో ఉన్నవాడు 1518 నాటికి సెవిల్ చేరడంలో అసంభవం లేదు. ఇంటిపేరు ఒకటే. పైగా డియోగో బార్బోసా స్వయంగా 1501లో జువావ్ ద నోవా దళంలో ఒక ఓడకు నాయకుడిగా హిందూదేశం వచ్చినవాడు కాబట్టి కుటుంబానికి తూర్పు దేశంతో సంబంధం ఉంది. ఇవన్నీ నిజాలే. కానీ వీటిలో ఒక్కటైనా ఇద్దరిని ఒకరిగా చేసే ఆధారం కాదు. కాలం సరిపోవడం అడ్డు లేదని చెబుతుంది, జరిగిందని చెప్పదు. కుటుంబానికి తూర్పుతో సంబంధం ఉందన్న మాట నా వైపే మొగ్గుతుంది: బార్బోసాలు అనేకులు ఓడలెక్కి ఉంటే ఒకే పేరు ఇద్దరికి ఉండే అవకాశం ఇంకా పెరుగుతుంది.

ఇక పేరు. డువార్తె ఆ రోజుల్లో అరుదైన పేరు కాదు. 1433 నుంచి 1438 వరకు పోర్చుగల్‌ను ఏలిన రాజు పేరే అది. 1504లో కొచ్చిని కాపాడినవాడు డువార్తె పషెకు. 1522 నుంచి 1524 వరకు హిందూదేశంలో పోర్చుగీసు గవర్నరు డువార్తె ద మెనెజెస్, 1584లో వైస్రాయిగా వచ్చినవాడి పేరూ డువార్తె ద మెనెజెసే. అంతకంటే బలమైన ఉదాహరణ అల్బుకర్క్ ఇంటిది. గోవా జయించిన అఫోన్సో ద అల్బుకర్క్ కొడుకు అసలు పేరు బ్రాస్. రాజాజ్ఞ మేరకు తండ్రి పేరే పెట్టుకున్నాడు. తండ్రి విజయాల మీద 1557లో గ్రంథం వెలువరించినవాడు ఈ కొడుకు. పేరు ఒక్కటే చూసేవాడు తండ్రే స్వయంగా రాసుకున్నాడని పొరబడతాడు. పోర్చుగీసు ఆసియాలో ఇలా ఒకే పేరు పెట్టుకున్నవారి మీద జెసూట్ పండితుడు గెయోర్గ్ షుర్‌హమర్ జర్మన్‌లో ప్రత్యేకంగా వ్యాసమే రాయవలసి వచ్చింది. కన్ననూరు గుమాస్తా 1521 తరవాత కూడా ఈ దేశంలో కొలువులోనే ఉన్నాడని పోర్చుగీసు పత్రాలు పరిశీలించినవారు చూపాక, అతణ్ణి సెబూలో చంపడం కుదరదు.

ఇది తెలుగువాడికి ఎందుకు పట్టాలని అడిగేవారున్నారు. గ్రంథం అదే, వాక్యాలు అవే, రాసినవాడు ఎక్కడ చస్తే మనకేమని అంటారు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా నేను ముందుకు పోను. చరిత్రకారుడు సాక్షిని తూచేది అతడు ఎక్కడ నిలబడి చూశాడన్నదాన్ని బట్టి. దేశాలు తిరిగిన సాహసికుడి రచన అనుకుంటే నరసింగ రాజ్యం వర్ణనను కళ్లారా చూసిన మాటగా తీసుకుంటాం, మన పాఠ్యపుస్తకాలు అలాగే తీసుకున్నాయి. ఏళ్ల తరబడి కన్ననూరులో కూర్చుని లెక్కలు రాసిన గుమాస్తా అనుకుంటే చిత్రం మారుతుంది. మలయాళ దేశపు ఆచారాలు, రేవుల్లో సరకు ధరలు అతని సొంత అనుభవం. విజయనగరం, పులికాట్, ఒరిస్సా సంగతుల్లో ఎక్కువ భాగం రేవుకొచ్చిన వర్తకుల నోట విన్నవి కావచ్చు. అప్పుడు మతస్వేచ్ఛ గురించిన ఆ ప్రసిద్ధ వాక్యం నగరంలో కళ్లారా చూసినదిగా కాక, వర్తకులు ఆ రాజ్యం గురించి చెప్పుకున్న మాటగా చదవాలి. దాని విలువ తగ్గదు, జాతి మారుతుంది. అది రాజనీతికి సాక్ష్యం కాకముందు వర్తకుల నమ్మకానికి సాక్ష్యం. కృష్ణదేవరాయలు గజపతి మీద దండెత్తి ఉదయగిరి, కొండవీడు తీసుకుని గోదావరి దాటి సింహాచలం దాకా వచ్చిన కాలమే బార్బోసా రాస్తున్న కాలం. ఆ దండయాత్ర జాడలను మన శాసనాల్లో వెదికి పోల్చాలి తప్ప, కన్ననూరు గుమాస్తా చూశాడని ఊహించి పూరించకూడదు.

పేరుతో వచ్చే ఈ ఇబ్బంది పరాయివాళ్లకే పరిమితం కాదు. వేంగి చాళుక్యుల్లో విష్ణువర్ధనులు ఎందరు, విజయాదిత్యులు ఎందరు? ఈనాటి చరిత్రకారులు వాళ్లకు సంఖ్యలు వేశారు గాని, శాసనం చెక్కినవాడు వెయ్యలేదు. బిరుదును బట్టీ, తండ్రి పేరును బట్టీ, దానమిచ్చిన సంవత్సరాన్ని బట్టీ మనం గుర్తిస్తున్నాం. గుణగ విజయాదిత్యుడికి మూడో సంఖ్య వేయగలిగామంటే అతని ముందువాళ్లను ఒక్కొక్కరినీ విడదీసి చూపే ఓపిక ఎవరో పట్టారన్నమాట. రాజులకు ఆ ఓపిక దొరికింది, దానమిచ్చిన సెట్లకూ సానులకూ దొరకలేదు. ఇక్కడికి దగ్గరలోని ద్రాక్షారామ భీమేశ్వరాలయ శాసనాలు 1923లో వెలువడిన దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటంలో ఉన్నాయి. ఒక దాత పేరు ఒక శాసనంలో కనబడి, అదే పేరు ఇంకో శాసనంలో వస్తే ఒకరే అని రాసేసే అలవాటు మన వ్యాసాల్లో ఉంది. అఖండదీపానికి గొర్రెలిచ్చినవాడూ భూమి ఇచ్చినవాడూ ఒకరే కావాలని లేదు.

అందుకే ఇప్పుడు నేను చేస్తున్న పని ఆ ఆలయ శాసనాల్లోని మనుషుల పేర్ల సూచి. ప్రతి పేరుకీ శాసన సంఖ్య, శక సంవత్సరం, ఊరు, తండ్రి పేరు లేదా వంశం, వృత్తి, దానవస్తువు విడివిడిగా వేస్తున్నాను. రెండు పద్దులు ఒకే మనిషివని చెప్పడానికి పేరు కాక ఇంకో రెండు గుర్తులైనా కలవాలన్నది నియమం. కలవకపోతే ఇద్దరుగానే ఉంచుతాను, పక్కన సందేహ చిహ్నం వేస్తాను. దీనివల్ల సూచి పెరుగుతుందని, అనవసరంగా మనుషుల్ని పుట్టిస్తున్నానని ఆక్షేపణ వచ్చింది. విడిగా ఉంచిన ఇద్దరిని రేపు ఆధారం దొరికితే కలపడం తేలిక. కలిపేసి కథ అల్లిన ఇద్దరిని విడదీయడానికి ఎంత కష్టమో బార్బోసా విషయంలో చూస్తున్నాం. కోనసీమ ఆలయాల శాసనాలను రెండో భాగంగా చేర్చాలని ఉంది. మీ ఊళ్ల గుళ్లలో అచ్చుకెక్కని రాతిరాతలు ఉంటే సున్నం వేయనివ్వకండి; కబురు పెట్టండి, వచ్చి నకలు తీసుకుంటాను.