పాత వంతెనకు కొత్త కొలువు

ఖమ్మం వైపునుండి భద్రాచలం వచ్చేవారికి సారపాక దాటగానే గోదావరి మీద ఇప్పుడు రెండు వంతెనలు కనబడుతవి. కొత్తది 2024 ఏప్రిల్‌లో రాకపోకలకు తెరచినారు. పాతదానిని 1965లో నాటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ప్రారంభించినారు. నేడు నేను మనవి చేయబోయేది పాతదానిని గురించి. కోడెదూడ కాడికి రాగానే ముసలి ఎద్దును గడ్డిలేని గాటికి కట్టివేసే రైతును మనం మెచ్చుకోము గదా!

భద్రాచలం ప్రాంతం తూర్పు గోదావరి జిల్లానుండి ఖమ్మం జిల్లాలోకి వచ్చినది 1959లో. కాగితం మీద జిల్లా ఒకటే అయినా, నడుమ నది ఉండనే ఉన్నది. రాముని దర్శనానికి పోవలెనన్నా, కచేరీలో అర్జీ ఇవ్వవలెనన్నా ముందు రేవులో పడవకోసం నిలువవలసినదే. ఆ కలయిక నిజమైనది వంతెన వచ్చిన తరువాతనే అని నా అభిప్రాయం.

అప్పటినుండి సుమారు 59 ఏళ్లు ఆ ఒక్క వంతెనయే భారమంతా మోసినది. యాత్రికుల బస్సులు, ఛత్తీస్‌గఢ్ పోయే లారీలు, సారపాక కాగితపు మిల్లుకు వచ్చే కర్ర, అన్నీ దాని మీదనే. 1986లో 75.6 అడుగుల వరదను చూచినది. 2022 జూలైలో నీరు 71.3 అడుగులకు చేరినప్పుడు దానిమీద రాకపోకలు నిలిపివేయవలసి వచ్చినది. వేరే దారి లేనిచోట వంతెనను తీరికగా మరమ్మతు చేయడం ఎట్లా? ఆ తీరిక ఇప్పుడు లభించినది.

కాంక్రీటు రాయివంటిదే గాని దానికీ ముసలితనం ఉన్నది. లోపలి ఇనుప కడ్డీలను కాంక్రీటులోని క్షారగుణం తుప్పు పట్టకుండా కాపాడుతుంది. ఏళ్లు గడచినకొద్దీ గాలిలోని బొగ్గుపులుసు వాయువు మెల్లగా చొరబడి ఆ గుణాన్ని హరిస్తుంది. అటుపై తేమ తగిలితే కడ్డీ తుప్పు పడుతుంది. తుప్పుకు ఇనుముకన్న ఎక్కువ చోటు కావలెను. అందుచేత అది పై కాంక్రీటును పగులదీసి పెచ్చులుగా రాల్చుతుంది. పెచ్చు రాలినచోట సిమెంటు పూసి సున్నం వేయడం మరమ్మతు కాదు. కడ్డీని బయటపెట్టి, తుప్పు గీకి, బలం తగ్గినచోట కొత్త కడ్డీ చేర్చి, అప్పుడు పూడ్చవలెను.

భద్రాచలపు ఎండలు ఎరుగని వారెవరు? ఆ ఎండకు వంతెన దూలాలు సాగుతవి, రాత్రికి ముడుచుకుంటవి. అందుకే స్తంభాల మీద బేరింగులు, దూలానికీ దూలానికీ నడుమ సందులు ఉంచుతారు. సందులు మట్టితో పూడిపోతే సాగే దూలం స్తంభాన్ని నెట్టుతుంది. వాననీరు పోయే గొట్టాలు మూసుకొన్నా చేటే. గుంట పడినప్పుడల్లా తారు మీద తారు పోయడం మనకు అలవాటు. ప్రతి పొరా వంతెనకు మోయని బరువు. ముందు పాత తారు గీకివేయవలెను.

ఇంత చేసి తిరిగి లారీలకే అప్పగించడం నాకు సమ్మతం కాదు. బరువు బండ్లన్నీ కొత్త వంతెన మీదుగా పోనిచ్చి, పాతదానిలో సగం కార్లకు, ఆటోలకు ఒకవైపు దారిగా ఉంచి, తక్కిన సగం గట్టి కటకటాలతో వేరుచేసి, సైకిళ్లకు, నడిచేవారికి ఇవ్వవచ్చును. మిల్లు పనికి సైకిలు మీద పోయే కూలికి, సంతకు గంప నెత్తిన పెట్టుకొని వచ్చే కోయ స్త్రీకి వెనుకనుండి లారీ కూత వినబడని దారి ఒకటి దొరుకుతుంది. కొత్త వంతెన మీద ఒత్తిడి పెరుగుతుందని కొందరనవచ్చు. పెరుగుతుంది, కాని ఆ బరువు మోయడానికే గదా దానిని కట్టినది!

ఇదే నది దిగువన రాజమహేంద్రవరంలో ఒక హెచ్చరిక ఉన్నది. 1897లో తెరచిన హేవ్‌లాక్ వంతెన మీద రైళ్లు 1997లో ఆగినవి. దానిని విహారదారిగా మార్చవలెనన్న మాట తరచు వినబడుతూనే పాతికేళ్లు దాటిపోయినవి. పనిలేని ఇనుము తుప్పును ఊరకే ఆహ్వానిస్తుంది.

వరద తగ్గిన తరువాత ముందుగా చూడవలసినది పునాదులను. ప్రవాహం స్తంభాల మొదట ఇసుకను ఎంతలోతు కోసినదో కొలవాలి. బేరింగుల పని నీరు తక్కువగా ఉండే డిసెంబరు, మే నెలల నడుమ సాగవలెను. ముక్కోటి, శ్రీరామనవమి ఆ నెలలలోనే వస్తవి గనుక, పని ఒక పక్కన జరుగుతూ ఉంటే నడిచేవారికి రెండవ పక్క తెరచి ఉంచవలెను.