మన పెద్దల సమాధి రాళ్లు

(శతాబ్ది ఉత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ సంవత్సరము మనము బిషప్పుల పేర్లు, మిషనరీల పేర్లు, ఆలయములు కట్టిన తేదీలు స్మరించుకొనుచున్నాము. అది తగినదే. ఈ పూట నేను మరొక పట్టికను గూర్చి మాటలాడెదను. మన పల్లెలలో పొలాల గట్ల మీదను, కొబ్బరి తోటల మూలలలోను ఉన్న పాత కుటుంబ సమాధుల పట్టిక అది. దానిని మనమే వ్రాయవలెను.

ఆదికాండము 23వ అధ్యాయము చూడుడి. శారా మృతిబొందినప్పుడు అబ్రాహాము మక్పేలా పొలమును నాలుగు వందల తులముల వెండికి కొనెను. పొలము, గుహ, చెట్లు, సరిహద్దు, సాక్షులు అన్నియు అక్కడ దస్తావేజువలె వ్రాయబడినవి. తరువాత 49వ అధ్యాయములో యాకోబు ఐగుప్తులో మరణపడక మీదనుండి, ఆ గుహలో ఎవరెవరు సమాధి చేయబడిరో కుమారులకు పేరుపేరున చెప్పెను. అబ్రాహాము, శారా, ఇస్సాకు, రిబ్కా, లేయా. అందులో ముగ్గురు స్త్రీలు. స్థలమును వ్రాసియుంచుట, పేర్లను అప్పగించుట, ఈ రెండును మన విశ్వాస పితరులు నేర్పిన పనులే.

బందరులోని డచ్చివారి సమాధులను మీలో అనేకులు చూచియుందురు. వ్యాపారమునకు వచ్చి మరణించిన వారి రాళ్లపై 17వ శతాబ్దపు చెక్కడములు, వంశ చిహ్నములు ఉన్నవి. మద్రాసు రాజధానిలోని డచ్చి కట్టడములను గూర్చి అలెగ్జాండర్ రీ 1897లో ఒక గ్రంథము ప్రకటించెను. జూలియన్ జేమ్స్ కాటన్ 1905లో ఆ రాజధానిలోని సమాధి శాసనముల పట్టికను అచ్చువేయించెను. రాయి అరిగినను పుస్తకములో మాటలు మిగిలినవి. మరి కాలినడకన ఊరూర తిరిగిన మన ఉపదేశులు, బైబిలు స్త్రీలు, మొదట బాప్తిస్మము పొంది ఊరి కోపమును భరించిన కుటుంబములు? వారిలో అధికుల సమాధులు ఏ పట్టికలోను చేరలేదు.

పొలము చేతులు మారును. గట్టు తీసి చేపల చెరువు త్రవ్వుదురు. రోడ్డు వెడల్పగును. ఒక ఊరిలో బావియొద్ద బట్టలుతుకు బండను తిరగవేసి చూడగా, అడుగున ఒక ఇంటిపేరు, సగము తేదీ కనబడినవి. అక్కడ ఉతుకుచున్న అమ్మకు ఆ సంగతి తెలియదు. చెప్పువారు ఎవరును మిగలలేదు. మన ప్రేమ వలన కూడ కొంత చెడుపు కలుగుచున్నది. సమాధుల పండుగకు ఏటేట వేయు సున్నము పొరలు పొరలుగా పేరుకొని అక్షరములను పూడ్చివేయుచున్నది.

కావున ఏమి చేయవలెను? కోతలైన తరువాత, భూమి గలవారిని అడిగి, ముగ్గురు కలిసి వెళ్లుడి. ఒకరు చదువవలెను, ఒకరు వ్రాయవలెను, ఒకరు సరిచూడవలెను. రాతిని నీళ్లతో, మెత్తని గుడ్డతో మాత్రమే తుడువుడి. ఇనుప బ్రష్షు, ఆసిడ్డు, మేకు తగులనీయకుడి. కడప బండ పొరలుగా లేచును, గీకినచో అక్షరముతో కూడ పొర ఊడివచ్చును. ఉదయమున గాని సాయంకాలమున గాని ఏటవాలు వెలుగులో ఫోటో తీయుడి. మధ్యాహ్నము కనబడని అక్షరము అప్పుడు నీడతో పైకి తేలును.

రాతి మీద ఉన్నది ఉన్నట్లే, వరుసకు వరుసగా వ్రాయుడి. తప్పులు దిద్దకుడి. చెరిగినచోట చుక్కలు పెట్టుడి. తెలుగు అంకెలలో ౨, ౩ అరిగినప్పుడు ఒకదానివలె మరొకటి కనబడును. సందేహమున్నచో సందేహమనియే వ్రాయుడి. పాస్టరేటులోని సమాధుల రిజిస్టరుతో పోల్చినప్పుడు తేదీలు వేరైనచో రెండును వ్రాయుడి. బావి, కాలువ, చెట్టు ఎన్ని అడుగుల దూరములో ఉన్నవో చూపుచు చిన్న పటము గీసి, సర్వే నంబరు వేయుడి. రేపు ఆ స్థలమును గూర్చి మాట వచ్చినప్పుడు సంఘము చేతిలో ఒక కాగితముండును.

ముఖ్యమైన మాట ఇంకొకటి. మన తొలి విశ్వాసులలో అధికులు భూమి లేనివారు, రాయి చెక్కించుకొనలేనివారు. వారికి మట్టిదిబ్బ, కఱ్ఱ సిలువ మాత్రమే. రాయి ఉన్న సమాధులనే వ్రాసినచో కలిగినవారినే మరల జ్ఞాపకము చేసికొన్నవారమగుదుము. కొన్ని రాళ్లపై ఫలానావారి భార్య అని మాత్రమే ఉండును, ఆమె పేరు ఉండదు. ఈ పేర్లు మన ఊరి ముసలమ్మల నోట ఉన్నవి. వారిని సమాధియొద్దకు చేయిపట్టి తీసికొనిపోయి అడుగుడి. వారు చెప్పినది వారి మాటగా వేరుగా వ్రాయుడి. రాళ్లు ఇంకొక పది సంవత్సరములు ఆగవచ్చును. ఆ తల్లులు ఆగలేరు.

వ్రాసినదానిని మూడు ప్రతులు చేయుడి. ఒకటి ఆ కుటుంబమునకు, ఒకటి పాస్టరేటునకు, ఒకటి అధ్యక్ష మండల కార్యాలయమునకు. వచ్చు సమాధుల పండుగలోగా ప్రతి పాస్టరేటు కనీసము ఒక్క కుటుంబ సమాధుల స్థలమును పూర్తిచేయవలెనని నా మనవి. యౌవనస్థుల చేతిలో ఫోనులున్నవి, పెద్దల యొద్ద జ్ఞాపకమున్నది. ఈ రెండింటిని కలుపు బాధ్యత గురువులమైన మాది.

మన పేర్లను ఎరిగిన దేవుడు ఆయన యందు నిద్రించిన వారి పేర్లను మరువడు. మరచువారము మనమే. ఈ పనిలో ప్రభువు మనకు తోడైయుండును గాక.