పల్లవియు మనోధర్మమును

నేను దిల్‌సుఖ్‌నగరున నివసించు విశ్రాంత ఉపాధ్యాయుడను. వయొలిన్ అభ్యసించు నా మనుమడు ఇటీవల ‘లూపరు’ అను యంత్రమును తెచ్చెను. కాలితో దాని మీట నొక్కి ఒక వరుస వాయించి, మరల నొక్కినచో, యంత్రము ఆ వరుసనే విడువక పలుకుచుండును. దానిపై ఇంకొక వరుసను చేర్చవచ్చును. ఫ్రిప్, ఈనో అను ఆంగ్లేయులిరువురు రెండు టేపు రికార్డరులతో చేసిన ఇట్టి సంగీతము 1973లో గ్రామఫోను రికార్డుగా వెలువడెను.

ఎల్.బి.నగరున బంధువులయింట శుభకార్యము. “ముందుగా ఏమియు అనుకొనను తాతయ్యా, అంతయు అప్పటికప్పుడే” అని మనుమడు కూర్చుండెను. ఆదితాళమున ఒక ఆవర్తము వాయించి, మీటను అర అక్షరము ఆలస్యముగా నొక్కెను. ఎనిమిది అక్షరముల ఆవర్తము ఎనిమిదిన్నర యయ్యెను. గాయకుని తప్పు గాలిలో కలిసిపోవును. ఈ తప్పు ప్రతి ఆవర్తమునను తిరిగివచ్చెను. మృదంగము వాయించు బాలుడు చేతులు ముడుచుకొనెను. నా మనుమడు తల వంచుకొనెను.

యంత్రమును కట్టిపెట్టుమని నేననలేదు. పల్లవిని జ్ఞాపకము చేసితిని. రాగము, తానము, పల్లవి పాడునపుడు పల్లవి పంక్తియు, తాళమును, ఎత్తుగడయు ముందే నిర్ణయింపబడును. నెరవు, స్వరకల్పన విద్వాంసుని మనోధర్మము. ఎంత విహరించినను ఎత్తుగడకు రావలయును. “యంత్రమున నీవు వేయు మొదటి వరుసయే నీ పల్లవి. దానిని సాధించి నిశ్చయించుకొనుము. పై వరుసలను మనస్సునకు విడువుము” అంటిని.

నాటినుండి ప్రతి సాయంకాలమును మనుమడు మొదటి వరుసను వాయించును. నేను చేతితో తాళము వేయుదును. ఇప్పుడు మీట సమమునకే పడుచున్నది. అటుపిమ్మట వాని వయొలిన్ ఎటు పోవునో నాకును తెలియదు, వానికిని తెలియదు. వినుటకు మాత్రము కూర్చుందును. సెలవు.