క్వాంటం చదువు – కాగితం, కలం, ఓపిక
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విశ్వవిద్యాలయంలో క్వాంటం కంప్యూటింగ్ కోర్సు తీసుకున్న పిల్లలు ఎలా నెగ్గుకురావాలో చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు. ఉర్దూ మీడియం బడిపంతులుకి ఇంత పెద్ద విషయం ఎందుకని మీకు అనిపించవచ్చు. అయితే ఆ కోర్సులోని కష్టం చాలావరకు బడి లెక్కల దగ్గరే మొదలవుతుంది. అందుకే ఒప్పుకున్నాను.

ఇది ఎక్కడో దూరదేశపు మాట కాదు. 2023లో కేంద్ర ప్రభుత్వం జాతీయ క్వాంటం మిషన్‌కు 6,003 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అమరావతిలో ఐ.బి.ఎం. వారి 156 క్యూబిట్ల యంత్రం నెలకొల్పుతామని 2025లో ప్రకటన వెలువడింది. ఇంజనీరింగు, ఎమ్మెస్సీ చదివే మన పిల్లలకు ఈ పాఠం ఎదురు కాక తప్పదు.

ఈ కోర్సులో చేరినవాళ్లు మొదటి నెలలోనే ఎందుకు బెదిరిపోతారు? క్వాంటం అంటే ఏదో మాయ అనుకుంటారు. ఒకేసారి అన్ని జవాబులూ చూసేసే యంత్రం అని ఎక్కడో చదివి వుంటారు. అది సగం మాట. కొలిచి చూసినప్పుడు ఒక్కో క్యూబిట్ నుంచి సున్నానో ఒకటో, ఒక్కటే బయటికి వస్తుంది. మరి లాభం ఎక్కడ వుంది? ఒక చిన్న లెక్క చెబుతాను, వినండి.

క్యూబిట్ స్థితిని రెండు సంఖ్యల జతగా రాస్తారు. సున్నా స్థితి అంటే (1, 0). హాడమార్డ్ అనే మాత్రిక వుంది. దాని మొదటి వరుస 1, 1. రెండో వరుస 1, –1. మొత్తాన్ని √2తో భాగించాలి. సున్నా స్థితిని దీనితో ఒకసారి గుణిస్తే రెండు సంఖ్యలూ సమానమవుతాయి. అప్పుడు కొలిస్తే సున్నా రావడానికి సగం, ఒకటి రావడానికి సగం అవకాశం. నాణెం ఎగరేసినట్టే కదా! ఇప్పుడు కొలవకుండా మరోసారి గుణించండి. మళ్లీ (1, 0) వస్తుంది. అంటే ఖచ్చితంగా సున్నాయే. నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే ఇలా ఎన్నడూ జరగదు. ఇక్కడ ఆ ఒక్క మైనస్ గుర్తు, తప్పు జవాబుకు పోయే దారులు ఒకదాన్నొకటి కొట్టేసుకునేలా చేసింది. ఈ విద్యలోని కిటుకు చాలావరకు ఇదే. 1994లో పీటర్ షోర్, 1996లో లవ్ గ్రోవర్ కనిపెట్టిన పద్ధతుల్లోనూ తప్పు దారులు తగ్గి, సరైన దారి బలపడుతుంది. పది లక్షల పేర్లలో వెతకాల్సిన ఒక్క పేరును గ్రోవర్ పద్ధతి సుమారు 800 అడుగుల్లో పట్టుకుంటుంది.

చూశారా, ఇందులో కావలసినవి మాత్రికలు, సదిశలు, సంకీర్ణ సంఖ్యలు, సంభావ్యత. ఇవన్నీ మన పిల్లలు ఇంటర్మీడియట్‌లో మార్కుల కోసం బట్టీపట్టి, పరీక్ష కాగానే మరిచిపోయేవే!

కనుక విద్యార్థులకు నా మాటలు నాలుగు. ఒకటి: కోర్సు మొదలుకాక ముందే రెండు నెలలపాటు రోజుకో గంట మాత్రికలు చేతితో గుణించండి. రెండు: కంప్యూటరు మీద నడపటానికి ముందు ఒకటి రెండు క్యూబిట్ల లెక్క కాగితం మీద పూర్తి చెయ్యండి. 10 క్యూబిట్లకు 1,024 సంఖ్యలు కావాలి, 20 క్యూబిట్లకు పది లక్షలు దాటతాయి. చిన్న లెక్క చేతికి లొంగితేనే పెద్దది బుర్రకెక్కుతుంది. మూడు: వారం వారం ఇచ్చే లెక్కలు ఆ వారమే చెయ్యండి. ముగ్గురు కలిసి కూర్చోండి, కాని ఎవరి జవాబు వాళ్లే రాయండి. నాలుగు: అర్థం కానిది మొదటి వారంలోనే అడగండి.

ఈ నాలుగోదే మన పిల్లలకు బరువు. పదో తరగతి దాకా ఉర్దూలో చదివినవాడు ఇంగ్లీషు క్లాసులో నోరు విప్పడు. ఇంగ్లీషు రాకపోవటాన్ని తెలివి లేకపోవటం అనుకుని కుంగిపోతాడు. బాబూ, అమ్మా, మాత్రికకు మాతృభాష లేదు! కొత్త మాట వచ్చినప్పుడల్లా దాని అర్థం ఉర్దూలోనో తెలుగులోనో పక్కన రాసుకోండి. వచ్చీరాని ఇంగ్లీషులోనైనా సరే, లేచి అడగండి.

తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో పనిచేసిన అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచే అల్గారిథం అనే మాట పుట్టింది. ఆయన గ్రంథం పేరులోని అల్‌జబ్ర్ నుంచి ఆల్జీబ్రా వచ్చింది. ఇది చెప్పుకుని ఛాతీ విరుచుకుంటే చాలదు. పేరు తాతది కావచ్చు, చదువు మాత్రం మెహనత్ చేసినవాడిదే.

చివరగా పెద్దలకు ఒక మనవి. ఇలాంటి చదువుకు కావలసింది సాయంత్రం రెండు గంటల నిశ్శబ్దం. అబ్బాయిని ఆ రెండు గంటలు దుకాణానికి పిలవకండి. అమ్మాయిని ఆ రెండు గంటలు వంటింట్లోకి పిలవకండి. సంఘం హాలు సాయంత్రాలు ఖాళీగానే వుంటోంది. ఒక నల్లబల్ల, నాలుగు బల్లలు వేయించండి. ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పటానికి నేను వస్తాను. క్వాంటం దాకా వెళ్లేవాళ్లు వాళ్లలో నుంచే వస్తారు, ఇన్షా అల్లాహ్.

సెలవు.