ఆటోకు రంగు వేయించే ముందు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



మేము డెంటింగ్, పెయింటింగ్ షెడ్డులో పని నేర్చుకుని చేస్తున్న సంఘ సభ్యులం. మన సంఘాల్లో బ్యాంకు లింకేజీతోనో, స్త్రీనిధి అప్పుతోనో ఆటో కొన్న ఇళ్లున్నాయి. కిస్తీలు తీరకముందే రేకును తుప్పు తినేస్తే బండి పోతుంది, అప్పు మాత్రం మిగులుతుంది. అందుకే ఈ నాలుగు మాటలు చెప్తున్నాం.

మొదటిది తుప్పు. రంగు తుప్పును దాస్తుంది గానీ ఆపదు. తుప్పు మీదే లప్పం పెట్టి రంగు కొడితే కొన్నాళ్లకే పొక్కులు లేస్తాయి. కాళ్లు పెట్టే చోటు, మడ్‌గార్డు లోపలి అంచులు, బురద నిలిచే మూలలు చూసుకోండి. మెరిసే రేకు కనపడేదాకా గీకించాలి. చిల్లు పడితే ఆ ముక్క కోసి కొత్త రేకు అతికించాలి. వెల్డింగుకు ముందు బ్యాటరీ వైర్లు తీయించండి. గ్యాస్ ఆటో అయితే తెలిసిన మెకానిక్‌తో సిలిండరు తీయించాకే మంట పెట్టనివ్వండి.

రెండోది లప్పం. సొట్టను ముందు సుత్తితో లేపాలి. మిగిలిన చిన్న గుంటకే లప్పం పెట్టాలి. 3 మిల్లీమీటర్లు దాటితే పగిలే ప్రమాదం ఉంది. లప్పాన్ని నీళ్లతో రుద్దనివ్వొద్దు, అది నీళ్లు పీల్చుకుని కింద తుప్పు పుట్టిస్తుంది. పొడిగానే 80 నంబరు పేపరుతో మొదలుపెట్టి 180, 320 దాకా రుద్దాలి. తడి పేపరు ప్రైమరు ఆరాకే వాడాలి, 400 నుంచి 600 నంబరు వరకు. పాత ఆటో కొనేటప్పుడు చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి రేకు మీద జరపండి. పట్టు వదిలిన చోట లప్పం మందంగా ఉన్నట్టే. ఫైబరు భాగాలకు మాత్రం ఈ లెక్క పనికిరాదు.

మూడోది రంగు. ఒకేసారి దట్టంగా కొడితే కారుతుంది. జానెడు దూరం నుంచి పలచగా రెండు మూడు పొరలు కొట్టాలి. పొరకీ పొరకీ మధ్య 10, 15 నిమిషాలు ఆగాలి. వాన ముసురులో కొట్టించొద్దు, తేమకు మెరుపు పోయి తెల్లగా పాలిపోతుంది.

నాలుగోది మన ఊపిరి. హార్డెనరు కలిపే రంగుల్లో ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది. అది పీలిస్తే ఆస్తమా రావచ్చు. ఒకసారి పడకుండా పోతే తర్వాత కొంచెం తగిలినా ఆయాసమే. కొంగు అడ్డం పెట్టుకుంటే ఆగదు, గుడ్డ మాస్కూ ఆపదు. బయటి నుంచి మంచి గాలి అందించే మాస్కు అన్నిటికన్నా మేలు. ఇంటి వాకిట్లో, పిల్లలు తిరిగే చోట కొట్టొద్దు. షెడ్డు పెట్టాలనుకునే సంఘం అప్పు దరఖాస్తులో కంప్రెషరు, గన్నుల పక్కనే మాస్కుల ఖర్చు కూడా రాయాలి. ఆ లెక్క లేని దరఖాస్తును వెనక్కి పంపమని సమాఖ్యను కోరుతున్నాం.

చివరిగా ఒక్క మాట. షెడ్డుకు బండి ఇచ్చి ఊరుకోకండి. లప్పం పెట్టకముందు ఒకసారి, రంగు కొట్టకముందు ఒకసారి వెళ్లి చూడండి. రేకు పని, లప్పం, ప్రైమరు, రంగు, దేనికెంతో విడివిడిగా బిల్లు రాయించుకోండి. పొదుపు పుస్తకంలో ప్రతి రూపాయి లెక్క అడిగే మనం, ఇక్కడ అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.